అంచున తెగిన మిరపకాయ

జనగామ పాత బజారులో గులాం మొహిద్దీన్ రేకుల షెడ్డు ముందు నిలబడి ఎవరైనా కంప్యూటర్ మాట ఎత్తితే చాలు, ఆయన మొహం వేపాకు నమిలినట్టు అయ్యేది. అందుకు కారణం లేకపోలేదు. జాలీగుడ్డ బిగించిన చెక్క చట్రాన్ని బట్ట మీద పెట్టి, రంగు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే బొమ్మ పడాలి. ముప్ఫై ఏళ్ళు ఆయన చేసిన పని అదే. ఎలక్షన్లు వస్తే అన్ని పార్టీల జెండాలూ ఆ ఒక్క బల్ల మీదే పుట్టేవి. భూపాలపల్లి గనుల్లో యూనియన్ ఎన్నికలంటే పొద్దున ఒక సంఘానికీ, మధ్యాహ్నం వాళ్ళ విరోధులకీ అచ్చువేసి, రెండు మూటలూ ఒకే బస్సుకి ఎక్కించేవాడు. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. మిషను ముందు కూర్చున్నవాడు నాయకుడి మొహానికి ఇంత సున్నం కొట్టి, పక్కన ఒక పులిని నిలబెట్టి, గంటలో చుట్టచుట్టి ఇచ్చేస్తున్నాడు. చెయ్యి మాసేది లేదు, నడుము విరిగేది లేదు.

ఇప్పుడు ఆ బల్ల మీద అచ్చయ్యేవి బట్టల దుకాణాల సంచులే. కొడుకు నవీద్ బల్ల విప్పేద్దామనీ, షెడ్డును టైర్ల దుకాణానికి ఇచ్చేద్దామనీ ఏడాదిగా పోరుతున్నాడు.

"అబ్బాజాన్, గా బల్ల మీద నువ్వు అచ్చు కొట్టుడు కన్న తిట్లు కొట్టుడే ఎక్కువైంది" అన్నాడొకరోజు. భార్య కుబ్రా బీ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

అట్లాంటి రోజుల్లో సుమిత్ర మేడం వచ్చింది. ఊరి చివర ఆడపిల్లల కాలేజీలో బట్టల డిజైన్ చెప్పే లెక్చరర్. చుట్టూ చూసింది, బల్లను చేత్తో తడిమింది, సూటిగా చెప్పింది. "మా పిల్లల డిజైన్లు బట్ట మీదికి ఎక్కాలంటే హైదరాబాద్ పంపాల్సి వస్తోంది. అచ్చు ఎట్లా పడుతుందో పిల్లలు కళ్ళతో చూడటం లేదు. ఒక్క అమ్మాయిని పంపుతా. ఆరు గజాలు వెయ్యండి. శనివారం మా ప్రదర్శన. పని బాగుంటే ఇకనుంచి క్లాసు క్లాసంతా మీ దగ్గరికే వస్తుంది. బాగాలేదంటే మళ్ళీ మాకు హైదరాబాదే దిక్కు."

మొహిద్దీన్ తల ఊపాడు. ఆరు గజాలు నిలబడితే బల్ల నిలబడుతుంది. లేదంటే టైర్లు. లెక్క అంతే.

సోమవారం ఆ అమ్మాయి వచ్చింది. పేరు తనూజ. మహబూబాబాద్ దగ్గర పల్లె. భుజాన బ్యాగు, చంకలో ల్యాప్‌టాప్, చేతిలో చుట్టిన తెల్లబట్ట. ఆ బట్టను కొడకండ్లలో ఒక నేతగాడి దగ్గర చెప్పి నేయించారట. ఇంకో ఆరు గజాలు కావాలంటే నెల ఆగాలి.

"చాచా, నమస్తే. మేడం పంపింది."

"ఎవలు పంపినా ముందుగాల చెప్పుల్ బయట ఇడువు బిడ్డా. దుమ్ము పడ్తే బట్ట ఖరాబ్."

ఆమె చెప్పులు విడిచి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది. మొహిద్దీన్ మొహంలోకి వేపాకు రావడం మొదలైంది. కానీ తెర మీద కనిపించినదాన్ని చూసి నమలడం మరిచిపోయాడు.

మిరపకాయలు. తెర నిండా ఎర్రటి మిరపకాయలు. పైనుంచి తీసిన ఫోటో.

"మా కల్లం చాచా. ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి తీసిన. కాయ ఎండబోసిన దినం. మా అమ్మ చిలుకమ్మ కింది నుంచి ఒకటే తిట్టుడు. పని చేయమంటే ఫోటోలు దీస్తున్నవా అని."

"ఇండ్ల రంగులెన్నున్నయ్?"

"లెక్కలేనన్ని."

"నా తాన లెక్కున్న చట్రాలే ఉన్నయ్ బిడ్డా. మూడు."

తనూజ నవ్వింది. తెర మీద ఒక గీత ఉంది, గీత మీద చిన్న గుండీ. ఆ గుండీని ఎడమకి జరుపుతుంటే ఫోటోలోని వేల రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతూ వచ్చాయి. పదహారు, ఎనిమిది, ఆరు. నాలుగు దగ్గర కాయ ఇంకా కాయలాగే ఉంది, మెరుపు కూడా పోలేదు. మూడు చేసేసరికి ఎర్రకాయల మధ్య అక్కడక్కడా పసుప్పచ్చగా కనిపించే తాలుకాయలు మాయమయ్యాయి.

"అగో, తాలు పోయింది" అన్నాడు మొహిద్దీన్.

"పోతే మా అమ్మ ఖుషీ అయితది. తాలు చూసే మార్కెట్ల ధర కోస్తరు గద. గని నాకు తాలు గావాలె చాచా. తాలు లేకుంటే ఎరుపు ఎరుపు లెక్క అనిపిస్తలేదు."

ఆ మాట మొహిద్దీన్‌కు నచ్చింది. పని తెలిసినవాళ్ళ మాట అది. తాను అంతకుముందు ఎన్నడూ ఇంకొకరికి చెప్పని రహస్యం ఆయన నోటి నుంచి దానంతటదే జారింది. "నాల్గు రంగులకు నాల్గు చట్రాలు ఎందుకు? ముందుగాల పసుపు కొట్టు. మీదికెళ్ళి పల్చగ ఎరుపు కొట్టు. పసుపు మీద పడ్డ ఎరుపు నిప్పు లెక్క ఉంటది. ఉత్త బట్ట మీద పడ్డది గులాబీ ఎరుపైతది. ఒక్క చట్రంల రెండు ఎరుపులు. మూడోది తొడిమెల కోసం."

తనూజ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. తర్వాత బొమ్మను పొరలు పొరలుగా విడదీసింది. పసుపు ఒక పొర, ఎరుపు ఒక పొర, తొడిమెల గోధుమ రంగు ఒక పొర. పై పొరలోంచి కింది పొర కనిపించేలా ఏదో నొక్కింది. తెర మీద నిప్పు ఎరుపూ, గులాబీ ఎరుపూ పక్కపక్కన వెలిగాయి. అచ్చంగా ఆయన చెప్పినట్టే.

ఆ ముక్క తెలుసుకోవడానికి ఆయనకు పన్నెండేళ్ళు పట్టింది. ఎన్ని గుడ్డలు పాడయ్యాయో, ఉస్తాదు చేతి బెత్తం ఎన్నిసార్లు వేళ్ళ మీద పడిందో. ఈ పిల్ల ఒక్క నొక్కు నొక్కింది. కడుపు మండాలి నిజానికి. మండలేదు. ముప్ఫై ఏళ్ళు చీకట్లో తడుముకున్న గదిలో ఎవరో దీపం పెట్టినట్టనిపించి, ఆ గది ఇంత బాగుంటుందా అనుకున్నాడు.

"రిపీట్ గూడ చూసుకున్న చాచా. ఎటు జరిపినా కలుస్తది" అంది తనూజ లేస్తూ.

"హా హా" అన్నాడు.

ఏడో తరగతిలో బడి మానేసిన మనిషికి ఒక జబ్బు ఉంటుంది. తెలియని మాట చెవిన పడగానే తల దానంతటదే ఊగుతుంది. అడిగితే పరువు పోతుందని భయం. రిపీట్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. జెండాకీ సంచికీ ఆ అవసరం పడదు. ఒక బొమ్మ, చుట్టూ ఖాళీ అంచు, అక్కడితో అయిపోయింది.

మంగళవారం హన్మకొండ నుంచి ఫిలింలు వచ్చాయి, పొరకొకటి చొప్పున బొమ్మను నల్లగా అచ్చేసిన మూడు గాజు కాగితాలు. తనూజ వాటిని ఇచ్చి ఊరికి పోయింది. ఇంటి దగ్గర కాయ బస్తాలకు ఎత్తే పని ఉందట, గురువారం పొద్దున వస్తానంది. మొహిద్దీన్ ఫిలింలను వెలుతురుకు పెట్టి చూశాడు. పని చక్కగా ఉంది, ఒక్క దోషం తప్ప. కుడి అంచున కాయలు తెగి ఉన్నాయి. ఎడమ అంచునా అంతే. ఒకచోట తొడిమె ఉండి కాయ లేదు, ఇంకొకచోట కాయ తోక ఉండి తల లేదు.

"చూసినవా?" అని కుబ్రా బీని పిలిచాడు. "ఎంత చదివినా ఏం ఫాయిదా? కంప్యూటర్‌కు అంచు ఎక్కడుంటదో తెల్వదు. కోడి మెడ కోసినట్టు కోసిపడేసింది."

"పిల్లకు ఫోన్ చేసి అడుగరాదు?"

"గంత చిన్నదానికి ఫోనెందుకు? నేను సాఫ్ చేస్త."

జెండా అంచున సగం గుర్తు పడితే పార్టీవాళ్ళు ఆ మూటను తెచ్చి మొహాన కొట్టేవారు. అంచు శుభ్రంగా ఉంచడమే మంచి పనివాడి లక్షణమని ముప్ఫై ఏళ్ళు బతికాడు. సన్న కుంచె తీశాడు, ఫిలిం మీది నలుపును కరిగించే మందులో ముంచాడు, మూడు ఫిలింల మీదా రెండు అంచుల్లో తెగిన కాయలన్నిటినీ ఒక్కొక్కటిగా తుడిచేశాడు. నాలుగు గంటలు పట్టింది. మెడ పట్టేసింది. లేచి చూసుకుంటే అంచు అద్దంలా ఉంది. ఆ అమ్మాయి వచ్చి చూసి సంతోషపడుతుందనుకున్నాడు. మేడంకి చెబుతుందని కూడా అనుకున్నాడు.

బుధవారం పొద్దున చట్రాలకు ఎండకు గట్టిపడే మందు పూసి, ఫిలిం పెట్టి, అద్దం మూసి, ఎండలో అంకెలు లెక్కపెట్టి తీసి కడిగాడు; నలుపు కింద మెత్తగా మిగిలిన మందు పోయి, రంగు దిగే బొమ్మ తేలింది. బల్ల మీద తెల్లబట్ట పరిచాడు. ముందు పసుపు. తడి రంగు మీద చట్రం పడకుండా ఒకటి విడిచి ఒకటి కొట్టి, ఆరాక మధ్యవి కొట్టాడు. తెల్లబట్ట మీద లేత పసుపు, కంటికి పెద్దగా ఆనలేదు. తర్వాత ఎరుపు. ఒకటి, మూడు, ఐదు, ఏడు. చట్రం లేపిన ప్రతిసారీ మిరపకాయలు బట్ట మీద కుప్ప పోసినట్టు పడ్డాయి. కుబ్రా బీ చాయ్ తెచ్చి, అక్కడే నిలబడి, "యా అల్లా, ఘాటు తగిలి తుమ్మొస్తుందేమో" అంది.

ఇక మధ్యవి. ఒకటికీ మూడుకీ నడుమ రెండోది కొట్టి చట్రం లేపాడు.

రెండు వైపులా నాలుగు వేళ్ళ వెడల్పున బోసి పట్టీ తేలింది.

చట్రం పక్కకు జరిగిందేమో అనుకున్నాడు. బల్ల మీది గుర్తులు చూశాడు. వెంట్రుకవాసి జరగలేదు. ఇంకొకటి కొట్టాడు. మళ్ళీ అదే పట్టీ. నిండు కల్లం మధ్యలో ఎవరో కత్తిరించి తీసేసినట్టు. రంగు ఆగితే ఎండిపోతుంది, కనుక మిగిలినవీ కొట్టాడు, తొడిమెలూ కొట్టాడు. కొట్టినకొద్దీ బోసి పట్టీలు పెరిగాయి తప్ప తగ్గలేదు. ఈ రంగు ఉతికితే పోయేది కాదు. పోకూడదనే కదా ఆ రంగు వాడేది.

ఆ రోజంతా ఆయన ఎవరినీ తిట్టలేదు. అదే ఇంట్లోవాళ్ళను ఎక్కువ భయపెట్టింది.

గురువారం పొద్దున తనూజ గుమ్మంలోకి వస్తూనే బట్టను చూసింది. చెప్పులు విడవడం మరిచిపోయింది. ఆయన గుర్తుచేయలేదు.

"అంచుల మీది సగం కాయలు ఏడికి పోయినయ్ చాచా?"

"నేనే తుడిచేసిన బిడ్డా. తెగినయ్ అనుకున్న."

ఆమె కింద కూర్చుండిపోయింది. ఏడుస్తుందేమోననుకున్నాడు. ఏడవలేదు. ల్యాప్‌టాప్ తెరిచి, "జర ఇటు చూడండి" అంది. తన డిజైన్‌ను వేలితో పక్కకు జరిపింది. కుడి అంచు దాటి బయటికి పోయిన బొమ్మ ఎడమ అంచులోంచి లోపలికి వచ్చింది. జరుపుతుంటే ఇటు తెగిన తొడిమె వచ్చి అటు తెగిన కాయకు అతుక్కుంది. నిండు కాయ అయింది. ఎక్కడ అతుక్కుందో వెతికినా దొరకలేదు.

"గీ సగం, గా సగం కలిస్తేనే కాయ. దీన్నే రిపీట్ అంటరు. గీ కాయలు కలిపేటందుకు నాకు పదకొండు రోజులు పట్టింది చాచా."

"ఇంకోపారి జరుపు" అన్నాడు మొహిద్దీన్.

ఆమె జరిపింది. ఆయన చూస్తూ నిలబడ్డాడు. ఎంత పని! చట్రం ఒక్కటే, బట్ట ఎంత పొడుగైనా పోవచ్చు, కల్లానికి అంతు ఉండదు. అంత పనిని తను కుంచె పట్టుకొని, నాలుగు గంటలు మెడ వంచి, శ్రద్ధగా తుడిచేశాడు.

"నేను అడుగలే బిడ్డా. అడిగితే ఇజ్జత్ పోతదనుకున్న" అన్నాడు. తర్వాత ఏం చెప్పాలో తెలియక, "నన్ను తిట్టు" అన్నాడు.

"తిట్టుడు ఆదివారం చేస్త. శనివారం దాక టైం లేదు" అంది తనూజ.

స్టూలు ఎక్కి, ఫోన్‌తో పాడైన బట్టను పైనుంచి ఫోటో తీసింది. దాన్ని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి, మీద ఒక ఖాళీ పొర పెట్టింది. బట్ట ముట్టకుండానే మందు వెతకడం మొదలుపెట్టింది. బోసి పట్టీలో కాయలు నింపి చూసింది. పాత లాగుకు మాసిక వేసినట్టుంది. చెరిపేసింది. ముదురు ఎరుపు పట్టీ వేసింది. కుబ్రా బీ తొంగిచూసి, "మా నవారు మంచం ఇట్లనే ఉంటది" అంది. అదీ చెరిపేసింది. నల్లది, పచ్చది, చుక్కలది. పది నిమిషాల్లో పదిహేను వేసి పదిహేనూ తీసేసింది. బట్ట మాత్రం బల్ల మీద అట్లాగే ఉంది, దాని మీద కొత్తగా ఒక్క చుక్క కూడా పడలేదు. తన జీవితంలో ఎన్ని బట్టలు చేత్తో పాడుచేసి నేర్చుకున్నాడో మొహిద్దీన్‌కు గుర్తొచ్చింది.

"ముందుగాల తీసిన ఫోటో ఏది? కల్లం ఫోటో?" అని అడిగాడు ఉన్నట్టుండి.

ఆమె తీసింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి, ముక్కు తెరకు ఆనించేంత దగ్గరికి వంగాడు. కాయల నడుమ ఒక సన్నటి ఖాళీ ఉంది, అటునుంచి ఇటు.

"గిదేంది?"

"గదా, బాట చాచా. కాయ తిప్పనీకి పోవాలె గద. కాయ తొక్కకుండ మా అమ్మ ఊడ్చి పెడ్తది. డిజైన్‌కు అడ్డమున్నదని నేనే చెరిపేసిన."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తనూజ అప్పటికే వేళ్ళు కదుపుతోంది. ఫోటోలో ఆ బాటను పెద్దది చేసింది. మట్టి మీద చీపురు పుల్లలు గీసిన సన్నటి గీతలు, వంపు తిరిగి, ఒకదాని మీద ఒకటి. రంగు మొత్తం తీసేసి నలుపు తెలుపు చేసింది. గీతలు మాత్రమే మిగిలాయి. వాటిని తెచ్చి బట్ట ఫోటోలోని బోసి పట్టీ మీద పరిచి, లేత మట్టి రంగు ఇచ్చింది.

బోసితనం పోయింది. కల్లంలో మనిషి నడిచే జాగా వచ్చింది.

కుబ్రా బీ ఈసారి మంచం మాట ఎత్తలేదు.

హన్మకొండ పోయే టైం లేదు. సందు చివర జిరాక్స్ దుకాణంలో ఆ గీతలను కాగితం మీద తీయించారు. కాగితంలోంచి వెలుతురు దూరడానికి మొహిద్దీన్ దానికి కుబ్రా బీ తలకు రాసుకునే కొబ్బరినూనె పట్టించాడు. పాత పనివాళ్ళ ఉపాయం అది. తనూజ కళ్ళు పెద్దవి చేసి చూసింది. మధ్యాహ్నపు ఎండలో తొంభై అంకెలు ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. శుక్రవారం చిన్న చట్రంతో బాటలు కొట్టారు. మొదటిది ఆయన కొట్టాడు. మిగిలినవి ఆమె చేత కొట్టించాడు. "చెయ్యి గట్టిగ ఒత్తకు, ఊడ్చినట్టు లాగు" అన్నాడు. కల్లం ఊడ్చిన ఇంటి పిల్ల కదా, మూడో లాగుకే చెయ్యి కుదిరింది.

శనివారం కాలేజీ హాలులో ఆ ఆరు గజాలు పైనుంచి కిందికి వేలాడాయి. మొహిద్దీన్ ఉతికిన చొక్కా వేసుకొని ఒక మూల నిలబడ్డాడు. సుమిత్ర మేడం బట్ట ముందు ఆగింది. దగ్గరికి పోయింది, వెనక్కి వచ్చింది, వేలితో గీతలను తాకింది.

"ఎరుపు ఒక్కటే ఉంటే కళ్ళు తిరిగేవి. ఈ బాట ఊపిరి ఆడనిస్తోంది. మంచి ఆలోచన తనూజా. మొదటి నుంచీ ఉందా ఇది?"

తనూజ నోరు తెరవబోయి ఆగింది. మొహిద్దీన్ వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో ఆయనకు తెలుస్తూనే ఉంది. ఆమె అవునంటే అయిపోతుంది. బల్ల నిలబడుతుంది, టైర్లు రావు, ఎవరికీ ఏమీ తెలియదు.

పదకొండు రోజులు ఆమె కలిపిన కాయలు ఆయన కళ్ళ ముందు కదిలాయి.

"లేదు మేడం" అన్నాడు ముందుకు వచ్చి. "గా బిడ్డ జేసిన డిజైన్‌ల బాట లేదు. అతుకు గూడ లేదు. ఎంత పొడుగు కొట్టినా కలిసేటట్టు జేసిచ్చింది. అంచుల కాయలు తెగినయ్ అనుకొని నేనే తుడిచేసిన. బట్ట ఖరాబ్ అయ్యింది. ఖరాబైన దాన్నుంచి గిది తీసింది. గామెకు వేసే మార్కులు రెండిటికీ వేయాలె."

హాలులో పక్కవాళ్ళు తలలు తిప్పారు. మేడం తనూజ ల్యాప్‌టాప్ తెప్పించి, అసలు డిజైన్ చూసింది, జరిపించి చూసింది, మూసింది.

"ఎనిమిది మంది పిల్లలున్నారు ఇంకా. సోమవారం నుంచి పంపుతా" అంది. "కానీ మీరొక మాట ఇవ్వాలి. ఫిలింకు చెయ్యి పెట్టకూడదు."

"గా మాట ఇయ్య మేడం."

"ఏంటీ?"

"చెయ్యి పెట్టకుండ నాతోని గాదు. పెట్టే ముందుగాల అడుగుత."

మేడం నవ్వును పెదవుల దగ్గరే పట్టుకొని, సరేనంది.

సోమవారం మొదట వచ్చిన అమ్మాయి పేరు నిషాత్. భూపాలపల్లి గనుల్లో మెట్లు మెట్లుగా దిగే నల్లటి గోడలను ఫోటో తీసి, చున్నీకి డిజైన్ చేసింది. మొహిద్దీన్ ఫిలింను వెలుతురుకు పెట్టి, ముందు అంచులే చూశాడు. కుడివైపు ఒక మెట్టు సగంలో ఆగిపోయింది.

"బేటీ, గిది నువ్వు తెంపినవా, తెగిందా?"

నిషాత్ తల గట్టిగా ఊపింది. "హా హా చాచా."

ఆ ఊపు ఎక్కడిదో ఆయనకు బాగా తెలుసు. స్టూలు లాగి ఆమె ముందు వేశాడు.

"ఊపుడు బంద్ చెయ్. కంప్యూటర్ తియ్, పక్కకు జరిపి సూపెట్టు. కలిస్తే కొడ్త. కలువకుంటే కలిసేదాక ఇద్దరం ఈన్నే కూసుందాం."

ఆమె జరిపింది. మెట్టు కలవలేదు.

"కుబ్రా" అని లోపలికి కేకేశాడు మొహిద్దీన్, "రెండు చాయ్ పెట్టు."